గడి కర్రతో చేసిన సామాన్లు: ఏళ్ల వాడకం తర్వాత నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నాను. దర్వాజకు, బల్లకు, బెంచీకి పాత గడి కర్రను, అంటే పాతకాలం దొరల ఇళ్లు విప్పితే వచ్చే కర్రను మించింది మన నల్లగొండ జిల్లాలో దొరకదు. సొరుగులున్న అలమారకు, సన్న పని ఉన్న వాటికి మాత్రం ఈ కర్ర జోలికి పోకపోవడమే మంచిది. మా ఇంట్లో రెండు రకాలూ ఉన్నాయి. ముఖద్వారం, అన్నం తినే బల్ల, వరండాలో బెంచీ, ఒక పుస్తకాల అలమార, అన్నీ మిర్యాలగూడ వైపు ఒక ఊళ్లో వారసులు విప్పించిన గడి కర్రే. మా ఊరి వడ్ల (వడ్రంగి) తాత చేతి పని, పక్కన నా సాయం. ఏళ్ల తరబడి వాడుతున్నాం కాబట్టి కొత్తలో కనిపించని మంచీ చెడూ ఇప్పుడు బాగా తెలుస్తున్నాయి.

గడి అంటే దొర ఇల్లు మాత్రమే కాదని ఈ వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. 1946 జులై 4న కడవెండిలో దొర మనుషుల తూటాకు దొడ్డి కొమరయ్య నేలకొరిగిన రోజు నుంచి 1951లో తెలంగాణ రైతుల సాయుధ పోరాటం ఆగేదాకా, అసలు పోరు గడుల చుట్టూనే నడిచింది. కడవెండి అప్పట్లో మన నల్లగొండ జిల్లాలోదే. దొరలు పట్నం పారిపోయాక కొన్ని గడుల్లో రజాకార్లు, నిజాం పోలీసులు క్యాంపులు పెట్టారు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలి, 17న నిజాం లొంగిపోయాక మిలిటరీ వాళ్లూ కొన్నింటిలో దిగారు. మేం కర్ర కొన్న గడిలో కూడా క్యాంపు ఉండేదని ఆ ఊరి పెద్దలు చెప్తారు. ఆ గడి దూలాలు ఇప్పుడు మా వరండాలో ఉన్నాయి. ఈ సంగతి నాకు చిన్నది కాదు. అందుకే కర్ర కొనేటప్పుడు, కోసేటప్పుడు, రందా (చిత్రిక) పట్టేటప్పుడు మామూలు కంటే ఎక్కువ ఆలోచించాం.

కొనడం దగ్గర మొదలుపెడతాను. పాత ఇళ్ల కర్ర అంతా టేకే అని అమ్మేవాళ్లు అంటారు. నమ్మొద్దు. దర్వాజలు, తలుపులు, స్తంభాలు చాలావరకు టేకే. పైకప్పు మోసే పెద్ద దూలాల్లో మాత్రం నల్లమద్ది బాగా కనిపిస్తుంది. రెండూ గట్టివే కానీ గుణం వేరు. టేకు తేలిగ్గా కోతకు లొంగుతుంది, ఎండకు పెద్దగా వంకర పోదు. నల్లమద్ది బరువెక్కువ, పోగు అటూఇటూ తిరిగి ఉంటుంది, మేకు దింపితే చీలుతుంది. ఎక్కడైనా చిన్న గాటు పెట్టి చూడండి. టేకైతే తోలు వాసనలాంటి ఒక నూనె వాసన వస్తుంది. వందేళ్ల కర్రలో కూడా ఆ వాసన పోదు.

రెండోది, దూలం కొసలు చూడాలి. మట్టి గోడలో, సున్నం గోడలో కూరుకున్న భాగమే ముందు పాడవుతుంది. చెమ్మ, చెదలు అక్కడి నుంచే లోపలికి పోతాయి. మధ్యలో ఎంత బాగున్నా కొసల దగ్గర సుత్తితో కొట్టి వినండి. ఖంగుమంటే మంచిది, డబ్ డబ్ అంటే లోపల గుల్ల. చేవ లేని తెల్ల భాగం ఉంటే దాన్ని లెక్కలోకే తీసుకోవద్దు, టేకు అయినా సరే పుచ్చు పురుగు దాన్ని వదలదు. ఇవన్నీ తీసేస్తే కొన్న కర్రలో మూడో వంతు దాకా పోతుందని ముందే లెక్క వేసుకోండి. ఘనపుటడుగు ధర కొత్త బల్లార్షా (మహారాష్ట్ర) టేకు కంటే తక్కువ ఉందని సంతోషపడితే, తీరా పని అయ్యాక లెక్క తేడా వస్తుంది.

కాగితాల సంగతి కూడా తేలిగ్గా తీసుకోవద్దు. టేకు కర్ర రోడ్డెక్కాలంటే అటవీ శాఖను అడగాలి. మేం ముందే రేంజ్ ఆఫీసులో అడిగి, ఇల్లు విప్పినట్టు ఊళ్లో కాగితం రాయించుకుని, ఆ తర్వాతే ట్రాక్టర్ పిలిచాం. ప్రభుత్వం రక్షిత కట్టడంగా ప్రకటించిన గడి కర్ర ఎంత చవగ్గా వచ్చినా ముట్టుకోకండి. తెలంగాణలో 2017 నుంచి హెరిటేజ్ చట్టం ఉంది. చట్టం మాట పక్కన పెట్టినా, నిలబడగలిగిన గడిని కర్ర కోసం విప్పడం నాకు నచ్చదు. కూలిపోతున్న దాంట్లో నుంచి తెచ్చుకోవడం వేరు.

ఇక ఇనుము. పాత కర్రతో పని చేసేవాళ్లకు అసలు టెన్షన్ ఇదే. తాత కర్రను సా మిల్లుకు పంపే ముందు ప్రతి దూలాన్నీ వరండాలో పడుకోబెట్టి, అరచేత్తో తడుముతూ పోయేవాడు. ఆ తర్వాత నేను మాగ్నెట్‌తో. ఒక దూలంలో పైకి ఏమీ కనిపించలేదు, మాగ్నెట్ మాత్రం ఒకచోట అతుక్కుంది. తాత ఉలితో పై పొర తీశాడు. లోపల కమ్మరి కొలిమిలో కొట్టిన నలుచదరం మేకు, తల పోయింది, ఒళ్లంతా తుప్పు. దాని చుట్టూ కర్ర నీలం కలిసిన నలుపు రంగులోకి తిరిగి ఉంది. కర్రలోని వగరు పదార్థం ఇనుముతో కలిసి చేసే మచ్చ అది, నల్లమద్దిలో మరీ ఎక్కువ. మేకును పట్టకారుతో గుంజితే విరుగుతుంది కాబట్టి చుట్టూ చిన్న బర్మాతో బెజ్జాలు వేసి కదిలించి తీశాం. "సారూ, గిది రంపానికి తగిలుంటే రంపం పండ్లు పోవుడే కాదు, కోసేటోని కన్ను గూడ పోవు" అన్నాడు తాత. సా మిల్లు వాళ్లు పాత కర్ర అనగానే ముఖం తిప్పుకునేది ఇందుకే. ఒక్క మేకు కూడా లేదని మీరు చూపిస్తేనే కోస్తారు. సీసం, ఇత్తడి మాగ్నెట్‌కు అంటుకోవు. అందుకని చేతిలో పట్టుకునే మెటల్ డిటెక్టర్ దొరికితే అద్దెకైనా తెచ్చుకోండి.

నల్ల మచ్చ పోవాలంటే ఆగ్జాలిక్ యాసిడ్ నీళ్లలో కలిపి పూసి, ఆరాక బాగా కడగాలి. చేతులకు గ్లవ్స్ తప్పనిసరి. మేం బల్ల మీద ఒకటి రెండు చోట్ల వాడాం, మిగతావి అట్లాగే ఉంచాం.

పాత తలుపుల మీది రంగు గురించి గట్టిగా చెప్పాలి. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లో ఉంది. అంతకు ముందు, అందులోనూ పాతకాలం ఆయిల్ పెయింట్లలో సీసం ఎంతైనా ఉండొచ్చు. అలాంటి రంగును పొడిగా గీకి, మిషన్‌తో సాండింగ్ చేసి, ఇల్లంతా దుమ్ము చేసుకోవద్దు. పిల్లలున్న ఇంట్లో అసలు వద్దు. తడి చేసి, మాస్క్ పెట్టుకుని, బయట గీకి, ఆ పెచ్చులను గుడ్డలో మూటకట్టి తీసేయాలి.

వాడకంలోకి వస్తే, దర్వాజకు నా పూర్తి మార్కులు. మా తలుపు పడమటి ముఖం. నల్లగొండ ఎండ ఎట్లా ఉంటుందో తెలుసు కదా, రాత్రికి కూడా గోడలు చల్లారవు. పక్కింట్లో కొత్త కర్రతో చేయించిన తలుపు మొదటి వానాకాలమే ఉబ్బి గడపకు తగులుకుంది, ఎండాకాలం వచ్చేసరికి రెక్కల మధ్య సందు తేలింది. మాది ఇప్పటికీ చిటికెన వేలితో తోస్తే తెరుచుకుంటుంది. దశాబ్దాల తరబడి కప్పు కింద ఆరిన కర్ర కాబట్టి అది కుంగాల్సింది, వంగాల్సింది అంతా ఎప్పుడో అయిపోయింది.

బల్ల కూడా బాగుంది, కానీ ఒక షరతు మీద. టేకులో నూనె ఉంటుంది, కోసి నాలుగు రోజులు వదిలేసి జిగురు పెడితే అతుకు ఊడుతుంది. అందుకే తాత అతుకు పెట్టే ముందు అంచుకు మళ్లీ సన్నగా రందా పట్టి, థిన్నర్ గుడ్డతో తుడిచి, వెంటనే బిగించాడు. ఒక్క అతుకూ ఇప్పటిదాకా విడలేదు. రందా బ్లేడు మాత్రం మాటిమాటికి సాన పట్టాలి. టేకులో ఇసుక గుణం ఉంటుంది, పదును నిలవదు. పైన అవిసె నూనె పూస్తున్నాం. ఆ నూనె గుడ్డలను ఉండ చేసి మూలన పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి తీగ మీద ఆరేయండి.

అలమార నిరాశపరిచింది. పాత కర్రలో పొడుగునా సన్న బీటలు ఉంటాయి. మందంగా ఉన్నంతసేపు అవి ఏమీ చేయవు. సన్నటి పలకలు కోసేసరికి అవే పగుళ్లయ్యాయి. సొరుగు ముఖం ఒకటి ఇప్పటికే మార్చాం. అలమార చేయించుకునేవాళ్లు కొత్త కర్రో, ప్లైవుడ్డో తీసుకోండి.

అన్నిటికంటే ఇష్టమైనది బెంచీ. నల్లమద్ది దూలాన్ని నిలువునా రెండుగా చీల్చి చేసింది. పైన కూర్చునే వైపు నునుపు చేశాం. ముందు అంచుకు రందా పట్టనివ్వలేదు. దాని మీద బాడిశ దెబ్బలు వరుసగా ఉన్నాయి, ఒక్కోటి అరచేయి వెడల్పు, అంచులు అరిగి మెత్తబడ్డాయి. వాటి మీద చేయి పెట్టి తాత అన్నమాట నాకు గుర్తుండిపోయింది. "మా తాత గిట్లనే చెక్కిండట సారూ, గడి పని. కూలి ఇయ్యలే, బువ్వ గూడ ఇంటికాడినుంచే." వెట్టి కింద వడ్లవాళ్లు, కమ్మరివాళ్లు, కుమ్మరివాళ్లు అందరూ గడికి ఊరికే పని చేయాల్సిందే. ఆ పోరాటంలో జనం మొదట తెంచుకోవాలనుకున్న సంకెల ఆ వెట్టే. గడి కర్రలో విలువైన గుర్తులంటూ ఉంటే అవి ఈ బాడిశ దెబ్బలే. ఎవరి పేరూ ఏ కాగితం మీదా లేదు, వాళ్ల పని మాత్రం ఇక్కడ ఉంది. మిషన్ మీద పెట్టి నాలుగు వైపులా నున్నగా చేయించుకునేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

దీనికి పూర్తిగా వేరే గుర్తుల్ని ఇప్పుడు కొందరు అమ్ముతున్నారు. "తుపాకీ గుండు తగిలిన తలుపు సార్, రజాకార్ల టైముది" అని రెట్టింపు ధర చెప్తారు. నాకు చూపించిన దాంట్లో బెజ్జం చుట్టూ తుప్పు మచ్చ గుండ్రంగా ఉంది, లోపల మర ఆనవాళ్లు. అది గొలుసు కొక్కెం పీకిన చోటు. గుండు దూసుకుపోతే వెనక వైపు పోగులు చీలి లేస్తాయి, అంత శుభ్రంగా ఉండదు. కథకు డబ్బులు ఇవ్వకండి, కర్రకు ఇవ్వండి. రంగేసి, పాలిష్ పెట్టి "యాంటిక్" అని పేరు పెట్టిన వాటిని కూడా కొనొద్దు. లోపల ఏముందో పాలిష్ కింద కనిపించదు.

కొనేవాళ్లు ఎండాకాలం చివర్లో విప్పిన కర్రను, వాన పడకముందే కొనండి. తెచ్చాక నేలకు ఆనకుండా ఇటుకల మీద పేర్చి, మధ్యమధ్యలో పట్టీలు పెట్టి గాలి ఆడనివ్వండి. మంచి పనివాడు దొరక్కపోతే మాత్రం ఆగండి. ఈ కర్రకు మిషన్ కంటే ఓపికున్న చేయి ముఖ్యం, కూలి కూడా కొత్త కర్ర పని కంటే ఎక్కువే ఇవ్వాలి.

మా దగ్గర ఇంకా రెండు దూలం ముక్కలు మిగిలాయి. ఉయ్యాల బల్ల చేద్దామని తాత అంటున్నాడు. నల్లమద్ది కాబట్టి ఇనుప గొలుసులు పెడితే మళ్లీ నల్లబడుతుందని, ఇత్తడివి చూడమన్నాడు. ఈ వారం సూర్యాపేట పోయినప్పుడు ధర కనుక్కోవాలి.