ఆఫీసరు కుర్చీ, క్లర్కు కౌంటరు

ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో ఆఫీసరుగా పదోన్నతి పొందిన కొందరు, నిబంధనలు అనుమతించిన మేరకు, తిరిగి క్లర్కు హోదాకే వెళ్లాలని కోరుకుంటారు. చూసేవారికి ఇది వెనకడుగులా అనిపించవచ్చు.

అసలు తేడా పనివేళల్లో ఉంది. బ్యాంకు యాజమాన్యాలకు, ఉద్యోగ సంఘాలకు మధ్య కుదిరిన ద్వైపాక్షిక ఒప్పందం ప్రకారం క్లర్కుకు భోజన విరామం కాక రోజుకు ఆరున్నర గంటల పని ఉంటుంది, అంతకు మించితే ఓవర్‌టైం వస్తుంది. ఆఫీసరుకు ఓవర్‌టైం లేదు, మొండి బకాయిల వసూలు, ఆడిట్ అభ్యంతరాలకు జవాబులు, పై కార్యాలయం అడిగే నివేదికలు మాత్రం శాఖ షట్టరు దించాక కూడా వెంటాడుతూనే ఉంటాయి. సాయంత్రం క్యాషులో ఐదు వందలు తగ్గితే క్లర్కు కూడా కట్టలన్నీ విప్పి మళ్లీ లెక్కపెట్టాల్సిందే, దొరక్కపోతే సొంత జేబులోంచి కట్టాల్సిందే. అయితే ఆ చిక్కు ఆ పూటతో తీరుతుంది. ఆఫీసరు మంజూరు చేసిన రుణం ఏళ్ల తర్వాత మొండిబకాయిగా మారినా సంజాయిషీ తప్పదు.

బదిలీల సంగతి తెలిసిందే: ఆఫీసరును దేశంలో ఎక్కడికైనా పంపవచ్చు, క్లర్కు సాధారణంగా సొంత రాష్ట్రం దాటడు.

తిరిగి క్లర్కుగా వెళితే నష్టం జీతం తగ్గడంతో ఆగదు. 2010 ఏప్రిల్ 1 నుంచి చేరినవారికి ఎన్‌పీఎస్‌ (జాతీయ పింఛను పథకం)లో బ్యాంకు వాటా మూలవేతనం, డీఏ (కరువు భత్యం)ల మీద 14 శాతం కాబట్టి, జీతం తగ్గితే పింఛను నిధీ తగ్గుతుంది. ఇంట్లో వృద్ధులైన తల్లిదండ్రులు ఉండి, గృహరుణం తీరిపోయి ఉంటే, నేను కౌంటరు వైపే మొగ్గుతాను. ఈఎంఐలు నడుస్తుంటే మాత్రం తొందరపడను.