కాలువ గోడ మీద కూలీల చరిత్ర: ఒక బోర్డు ఆర్టిస్టు రివ్యూ

తెనాలిలో 30 ఏళ్లు బోర్డులు, గోడలు రాశాను. ఫ్లెక్సీలు వచ్చాక కుంచె పక్కన పెట్టేశాను. ఇప్పుడు అమెరికాలో అమ్మాయి దగ్గర ఉన్నాం. మాల్స్, బీచ్‌లు అన్నీ అయ్యాక, "నాన్నా, నీకు నచ్చే గోడ ఒకటుంది" అని మొన్న ఆదివారం శాన్ ఫెర్నాండో వ్యాలీకి తీసుకెళ్లింది. గ్రేట్ వాల్ ఆఫ్ లాస్ ఏంజిలిస్ అంటారట. టుహుంగా వాష్ అనే వరద కాలువ కాంక్రీటు గోడ మీద వేసిన బొమ్మలు. టికెట్ లేదు.

పొడవు 2,754 అడుగులు, ఎత్తు 13. నిలబడే గుణించేశా, దాదాపు 36 వేల చదరపు అడుగులు. అడుక్కింత అని రేటు కట్టి బతికినవాడికి ముందు లెక్కే తోస్తుంది.

జూడీ బాకా అనే ఆర్టిస్టు 1976 వేసవిలో మొదలుపెట్టింది. మొదటి ఏడాదే 80 మంది కుర్రకారుతో 1,000 అడుగులు లాగించింది. వాళ్లలో చాలామంది కేసుల్లో ఇరుక్కున్న పిల్లలు. ఉత్త సేవ కాదు, కూలి ఇచ్చి వేయించారు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. 1983 దాకా ఐదు వేసవుల్లో 400 మందికి పైగా చేయి వేశారు.

మేం తెలియక చివరి వైపు కారు ఆపాం. బొమ్మలు కాలిఫోర్నియా చరిత్రను కాలం వరసలో చెబుతాయి, దాంతో మేం 1950ల నుంచి వెనక్కి నడిచాం. మీరు ముందే ఫోన్లో చూసుకుని మొదలు ఎటో తెలుసుకోండి.

మన దగ్గర గోడ మీద నాయకుడి ముఖం ఎంత పెద్దదైతే అంత డబ్బు. ఇక్కడ నాయకుల్ని వెతుక్కోవాలి. రైలు పట్టాలు వేసిన చైనా కూలీలు, దుమ్ము తుఫాన్లకు పొలాలు పోగొట్టుకుని వలసొచ్చిన రైతులు, 1930లలో దేశం దాటించిన మెక్సికన్ అమెరికన్లు ఉన్నారు. యుద్ధకాలంలో ఫ్యాక్టరీలో పనిచేసిన ఆడమనిషిని యుద్ధం అయ్యాక టీవీ తనలోకి లాగేసుకుంటున్న బొమ్మ దగ్గర మా ఆవిడ చాలాసేపు ఆగింది. "అంతేగా మరి" అని ఒక్క మాట అని ముందుకు నడిచింది.

పనితనం మాటకొస్తే, 1976లో వేసిన భాగం నాకు కాస్త బిగుసుకుపోయినట్టు అనిపించింది. ఏ ముక్కకా ముక్క విడిగా ఉంది, ఒక్కోటి ఒక్కో చేతి వాటం. తర్వాత వేసిన 1930ల చరిత్ర దగ్గరికొచ్చేసరికి గీత సాగింది. ఒక బొమ్మ భుజం పక్క బొమ్మకు కొండవుతుంది. అలా కలపడం ఎంత కష్టమో గళ్లు గీసి బొమ్మ పెంచినవాడికి తెలుస్తుంది. ఎండకు ముందు వెలిసేది ఎరుపు కాబట్టి దాన్నే పట్టి చూశా. 2011లో మళ్లీ రంగులద్దారట, బాగానే నిలబడింది.

కాలువ ఇవతల నుంచి, కంచె మీదుగా చూడాలి. దగ్గరికెళ్లి కుంచె వాటం చూద్దామంటే కుదరదు. నీడ తక్కువ, మేం మిట్టమధ్యాహ్నం వెళ్లి మాడిపోయాం. పొద్దున్నే వెళ్లండి, టోపీ, నీళ్లు మర్చిపోవద్దు.

"తాతయ్యా, నువ్వు రాసిన గోడలు ఇప్పుడున్నాయా?" అంది మనవరాలు. ఎన్నికల రాతలమ్మా, ఫలితాలొచ్చిన వారానికే సున్నం కొట్టేస్తారు అన్నాను.

నాలుగున్నర స్టార్లు. 1960ల నుంచి ఇటువైపు చరిత్ర కూడా ఇప్పుడు వేస్తున్నారట. తిరుగు ప్రయాణంలోపు ఇంకోసారి వెళ్తాం, ఈసారి మొదటి వైపు నుంచి.