ఎర్ర అట్ట జమాఖర్చుల పుస్తకం: ముప్పై రెండు నెలల వాడకం తరువాత

విజయనగరం గంటస్తంభం దగ్గర, బడులు తెరిచే రోజుల్లో తప్ప పెద్దగా రద్దీ కనిపించని ఒక పాత స్టేషనరీ దుకాణంలో, 2023 ఏప్రిల్ చివరి వారంలో 120 రూపాయలకు కొన్న రెండు క్వైర్ల జమాఖర్చుల పుస్తకం గురించి ఈ సమీక్ష. ఎర్ర గుడ్డ అతికించిన గట్టి అట్ట, దారంతో కుట్టిన బైండింగు, అచ్చువేసిన పేజీ అంకెలు, ప్రతి పేజీ పైన తేదీ, వివరము, జమ, ఖర్చు, నిల్వ అనే గళ్లు ఉన్నాయి. తయారుచేసినవారి పేరు ఎక్కడా లేదు. వ్యాపారులు దసరాకో ఉగాదికో కొని, మొదటి పేజీకి పసుపు రాసి లెక్కలు మొదలుపెట్టే రకం పుస్తకం ఇది. ప్రైవేటు కళాశాలలో పాఠాలు చెప్పుకునే నేను దీన్ని అడిగినప్పుడు దుకాణదారు, ‘కొత్తగా ఏం పెడుతున్నారు మాస్టారూ?’ అన్నాడు. అప్పులు తీర్చడం మొదలుపెడుతున్నానని చెప్పడానికి ఆ రోజు నోరు రాలేదు.

మా నాన్నగారి వైద్యం, దాని వెంటనే వచ్చిన చెల్లెలి పెళ్లి కలిసి మిగిల్చినవి ఐదు అప్పులు. క్రెడిట్ కార్డు మీద 86,000, బ్యాంకులో పర్సనల్ లోను 2,00,000, నూటికి రెండు రూపాయల వడ్డీకి ప్రామిసరీ నోటు మీద తెచ్చిన లక్ష, నా భార్య గాజులు తాకట్టు పెట్టి తెచ్చిన 60,000, మేనమామ చేబదులుగా ఇచ్చిన 40,000. మొత్తం 4,86,000 రూపాయలు. ఈ అంకె నాకు తెలియనిది కాదు గానీ, ఐదింటినీ ఒకే కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసి కూడిన రోజు మాత్రం అంతకుముందు ఒక్కటీ లేదు. అప్పులున్నవారు తరచుగా చేసే పనే నేనూ చేశాను. ఎవరు ముందు ఫోను చేస్తే వారికి ముందు కట్టడం, మిగిలినవాటి సంగతి తలచుకోకుండా ఉండడం.

పుస్తకానికి ముందు ఒక మొబైల్ యాప్‌ను నాలుగు నెలలు వాడాను కనుక పోలిక చెప్పడం న్యాయం. ఫోనుకు వచ్చే సందేశాలను చదివి ఖర్చులను దానంతట అదే విభజించడం, రంగురంగుల చక్రాలుగా చూపించడం దాని గొప్ప. మూడో వారానికల్లా ఆ చక్రాలను చూడడం మానేశాను. నాలుగో నెలలో అదే యాప్ నాకు ‘ముందస్తుగా మంజూరైన’ లక్ష రూపాయల అప్పును ఇవ్వజూపింది. అప్పు తీర్చుకోవడానికి తెచ్చుకున్న వస్తువే కొత్త అప్పును గుమ్మంలోకి తెచ్చిపెట్టిన ఆ సాయంత్రమే దాన్ని తీసివేశాను. ఈ పుస్తకం ఏదీ అమ్మజూపదు. దాని సుగుణాల్లో నేను మొదట లెక్కపెట్టేది ఇదే.

అయితే పుస్తకం ఒక్కటే ఉంటే ఈ సమీక్ష రాయవలసిన అవసరం వచ్చేది కాదని నా నమ్మకం. దాన్ని ఎలా వాడాలో నేర్పింది నెల్లిమర్లలో ఉండే మా వదిన, అంటే నా భార్యకు అక్క. ఆవిడ చాలా ఏళ్లుగా డ్వాక్రా సంఘం లెక్కలు రాస్తున్నారు. 1982లో మొదలైన ఆ పథకం 1999లో మరో పథకంలో కలిసిపోయినా, మా వైపు ఊళ్లలో ఇప్పటికీ స్వయంసహాయక సంఘాన్ని డ్వాక్రా అనే అంటారు. సంఘాలకు పంచసూత్రాలు అని ఐదు నియమాలున్నాయి: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, సభ్యులకు అంతర్గత అప్పులు, సకాలంలో వాయిదాల చెల్లింపు, ఎప్పటికప్పుడు పుస్తకాలు రాయడం. నేను ఆవిడకు పుస్తకం చూపించి సలహా అడిగితే, వీటిలో అప్పులివ్వడం తప్ప మిగిలిన నాలుగూ ఒక కుటుంబానికి కూడా చెల్లుతాయని, అన్నిటికన్నా మొదటిది సమావేశమని చెప్పారు. సంఘంలో ఆడవాళ్లు వాయిదా ఎగవేయకపోవడానికి కారణం బ్యాంకు భయం కాదని, పదిమంది ఎదుట పుస్తకం తెరుచుకుంటుందన్న ఎరుక అని ఆవిడ అభిప్రాయం. ఆ పదిమంది స్థానంలో ఒక్క మనిషి ఉన్నా పని జరుగుతుందని నాకు ఆ తరువాత తెలిసింది.

ఆ నాటి నుంచి ప్రతి నెలా రెండో ఆదివారం మేము నెల్లిమర్ల వెళ్లడమో, ఆవిడ మా ఇంటికి రావడమో జరుగుతోంది. ఐదు అప్పులకూ ఐదు చోట్ల పేజీలు కేటాయించి, ‘నిల్వ’ అన్న అచ్చు మాటను కొట్టివేసి ‘బాకీ’ అని రాసుకున్నాను. జమ, ఖర్చు గళ్ల పక్కన పైసల కోసం వదిలిన సన్నటి గడి ఒకటి ఉంది. ఈ రోజుల్లో ఎవరికీ పనికిరాని ఆ గడిలో వదిన పొట్టి సంతకం పెడతారు. రసీదు చూడకుండా సంతకం పెట్టరు. ఒక నెల నేను పని ఒత్తిడి వల్ల రాయకుండా తీసుకువెళితే, ‘ఏటి మరిదిగారూ, కాగితం తెల్లగా ఉంది, కట్టలేదా, రాయలేదా?’ అన్నారు. కట్టాను, రాయలేదు. అయినా పదో తరగతిలో ఇంటిపని చేయకుండా బడికి వెళ్లిన రోజు గుర్తుకు వచ్చింది.

ఏ అప్పు ముందు తీర్చాలన్న దానిపై మా ఇద్దరికీ మొదటి సమావేశంలోనే అభిప్రాయ భేదం వచ్చింది. చిన్నదాన్ని ముందు తీర్చి ఒక పేజీ మూసివేస్తే ధైర్యం వస్తుందని ఆవిడ వాదన. మేనమామ నలభై వేలూ నాలుగైదు నెలల్లో తీరిపోతాయి, పైగా వడ్డీ లేకుండా ఇచ్చిన మనిషిని ఆఖరున నిలబెట్టడం మర్యాద కాదన్నారు. వడ్డీ ఎక్కువున్నదాన్ని ముందు తీర్చాలని నా వాదన. కార్డు వడ్డీ నెలకు మూడున్నర శాతం, అంటే ఏడాదికి నలభై రెండు. నోటుకు ఇరవై నాలుగు, పర్సనల్ లోనుకు పదిహేను, బంగారానికి తొమ్మిది, మామయ్యకు సున్నా. చివరికి పుస్తకం పట్టుకుని బొబ్బిలి వెళ్లి, మామయ్య పేరున్న పేజీ తెరిచి ఆయనకే చూపించాను. ఆయన చాలాసేపు మిగిలిన పేజీలు తిరగవేసి, ‘నాది చివర్న ఉంచరా, ఈ కార్డు సంగతి చూడు ముందు’ అన్నారు. వడ్డీ లేని అప్పే మనసు మీద అన్నిటికన్నా ఎక్కువ బరువుగా ఉంటుందని అనుభవించినవారికి తెలుసు. ఆ బరువు ఆయన మాటతో దిగింది. ఆ తరువాత పండగకో శుభకార్యానికో ఎప్పుడు కలిసినా పలకరింపు అయ్యాక ఆయన అడిగే మొదటి ప్రశ్న, పుస్తకం ఎన్నో పేజీకి వచ్చిందని.

కార్డు పేజీయే ఈ పుస్తకంలో నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది. 86,000 బాకీకి నెల వడ్డీ 3,010 రూపాయలు, ఆ వడ్డీ మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ 542 రూపాయలు. కార్డువారు అడిగే కనీస మొత్తం 4,300 కడితే అసలులో తగ్గేది 748 రూపాయలు మాత్రమే. ఏడాదిన్నరగా కనీస మొత్తం తప్పకుండా కడుతూ నేను బాధ్యతగా ఉన్నాననుకున్నాను. మూడు అంకెలను మూడు గళ్లలో నా చేత్తో రాసిన తరువాతే ఆ బాధ్యత విలువ ఎంతో తెలిసింది. కార్డును కత్తిరించి, నెలకు 10,000 కట్టడం మొదలుపెడితే, మొదటి నెల చివర బాకీ గడిలో 79,552 అని రాశాను. ప్రతి నెలా తగ్గుదల కిందటి నెలకన్నా కొంచెం ఎక్కువగా ఉండడం, ఆ తేడా అచ్చుగీతల మధ్య కళ్లకు కనిపించడం వల్ల కలిగే ఉత్సాహాన్ని మాటల్లో పెట్టడం కష్టం. 2024 మార్చిలో ఆ పేజీ ముగిసింది. మధ్యలో ఒక సహోద్యోగి, కట్టడం ఆపేస్తే కార్డువారే సగానికి సెటిల్‌మెంటుకు వస్తారని సలహా ఇచ్చాడు. అలా చేస్తే క్రెడిట్ రిపోర్టులో ఆ ఖాతా పూర్తిగా ముగిసినట్టు కాక సెటిలైనట్టు నమోదవుతుందని, రేపు ఇంటి అప్పు కావలసివచ్చినప్పుడు అది అడ్డు వస్తుందని తెలిసి వద్దనుకున్నాను. మన అప్పుల చరిత్రను నమోదు చేసే సిబిల్ మొదలైన నాలుగు సంస్థలూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి. దాన్ని తెప్పించుకుని, కార్డు ముగిసినట్టు చూపించే కాగితాన్ని ఆ పేజీకి అతికించాను.

నోటు అప్పు పేజీలో పుస్తకం మరో విధంగా ఉపయోగపడింది. నోటు మీద కొంత కొంతగా కట్టేటప్పుడు, కట్టిన ప్రతిసారీ నోటు వెనుక చెల్లు రాయించుకోవాలి. రాయించుకోకపోతే మనం కట్టింది మన నోటి మాట మాత్రమే అవుతుంది. అప్పిచ్చిన పెద్దమనిషి మంచివారే అయినా చెల్లు విషయంలో బద్ధకస్థుడు. నేను ఎర్ర పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్లి, ఆయన ఎదుట నా పేజీ నింపడం మొదలుపెట్టిన తరువాత ఆయన కూడా లేచి బీరువాలోంచి నోటు తీయడం మొదలుపెట్టారు. నెలకు పది వేలు అసలు, మిగిలిన అసలుకు వడ్డీ. రెండు వేల వడ్డీ పద్దెనిమిది వందలయింది, పదహారు వందలయింది.

ఆ క్రమం 2024 నవంబరులో తప్పింది. అంతకుముందు నెలలో పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ. విజయనగరంలో కాపురమున్నవారికి ఆ రెండు రోజులూ ఇల్లంతా బంధువులే, అది వద్దనుకునే పండగ కాదు. దానికి తోడు అమ్మాయి ఫీజు వచ్చింది. నోటు వాయిదా ఆగిపోయింది, పర్సనల్ లోను కిస్తీ బౌన్సయి తొమ్మిది రోజులు ఆలస్యమైంది. ఆ తొమ్మిది రోజుల్లో రెండుసార్లు రాత్రి తొమ్మిది దాటాక వసూలు మనిషి ఫోను చేసి గొంతు పెంచాడు. రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టు ఆదేశాల ప్రకారం బాకీ వసూలు కోసం ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తరువాత ఫోను చేయకూడదు. తేదీ, గంట, మాట్లాడిన మాటలు పుస్తకం చివరి పేజీలో రాసి, ఆ వివరాలతో బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి లేఖ పంపాను. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళతానని కూడా రాశాను. అంత దూరం పోకుండానే రాత్రి ఫోనులు ఆగాయి. ఆలస్యానికి జరిమానా వేశారు గాని, 2024లో అమలులోకి వచ్చిన నిబంధన వల్ల దాన్ని అసలులో కలిపి మళ్లీ వడ్డీ వేయలేదు. ఆ నెల రెండో ఆదివారం నెల్లిమర్ల వెళ్లడానికి నాకు కాళ్లు రాలేదన్నది నిజం. వదినే ఆటో ఎక్కి వచ్చారు. ఖాళీగా ఉన్న గడిలో అడ్డగీత గీసి, దాని పక్కన మామూలుగానే సంతకం పెట్టారు. సంఘంలో వాయిదా తప్పిన సభ్యురాలు తరువాతి సమావేశానికి రావడం మానేస్తే అప్పుడే కంగారు పడాలి గాని, డబ్బు లేకుండా వచ్చి కూర్చుంటే ఫరవాలేదని అన్నారు. 2025 ఫిబ్రవరిలో నోటు నా చేతికి తిరిగి వచ్చింది.

ఇక పుస్తకం లోపాలు. కాగితం పలచన, జెల్ పెన్నుతో రాస్తే సిరా వెనక్కి దిగుతుంది కనుక బాల్ పెన్నే వాడాలి. రెండో వర్షాకాలానికి వెన్ను దారం వదులైంది, నూలు దారంతో మళ్లీ కుట్టించాను. రసీదులు దాచుకోవడానికి సంచి లేదు, లోపలి అట్టకు ఒక కవరు అతికించుకోవలసివచ్చింది. పుస్తకం గుర్తు చేయదు, కూడిక తప్పితే దిద్దదు. ఒక నెల నేను వెయ్యి రూపాయలు తక్కువగా తీసివేస్తే పట్టుకున్నది వదినే. అచ్చు పేజీ అంకెలను మాత్రం మెచ్చుకోవాలి. సిగ్గుపడి ఒక కాగితం చింపివేద్దామనుకున్నా, పోయిన అంకె తన సంగతి తానే చెప్పేస్తుంది.

ఇది అందరికీ సరిపోదు. ఇంట్లోవారికి తెలియకుండా అప్పు చేసినవారు ముందు ఇంట్లో చెప్పాలి, అప్పటిదాకా ఈ పుస్తకం దాచుకోవలసిన మరో వస్తువు మాత్రమే అవుతుంది. అప్పుల యాప్‌లవారు ఫోటోలు, ఫోను నెంబర్లు పట్టుకుని బెదిరిస్తున్నవారికి కావలసింది జమాఖర్చులు కాదు, సైబర్ నేరాల 1930 నెంబరు. నా లోపలి అట్ట మీద ఆ నెంబరుతో పాటు రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల 14448, మనసు బాగా కుంగిన రోజుల కోసం టెలి మానస్ 14416 కూడా రాసి ఉంచాను. చివరిదానికి 2024 నవంబరులో ఒకసారి ఫోను చేశాను.

గాజులు 2025 జులైలో, వరలక్ష్మీ వ్రతానికి ముందే ఇంటికి వచ్చాయి. మామయ్య పేజీ నవంబరులో ముగిసింది, ఆయన తన పేజీ కింద తేదీ వేసి సంతకం చేశారు. 2025 డిసెంబరు కిస్తీతో పర్సనల్ లోనులో ముప్పై రెండు అయ్యాయి. 6,933 రూపాయల చొప్పున ఇంకా నాలుగు ఉన్నాయి. పుస్తకానికి ఐదింటికి నాలుగు ఇస్తున్నాను, తగ్గించిన ఒకటి దారానికి. సంఘం కోసం ఇలాంటివే రెండు కావాలని వదిన అడిగితే గత వారం అదే దుకాణానికి వెళ్లాను. ధర 150 అయింది. పైసల గడి మాత్రం అలాగే ఉంది.