తిరిగొచ్చిన ఉత్తరాలు చదివే కోడ్: పైథాన్ ఈమెయిల్ ప్యాకేజీతో ఆరేళ్లు

మా కళాశాల పూర్వ విద్యార్థుల సంఘం నెలకొకసారి మెయిల్‌లో పంపే పత్రికకు చందాదారులు నాలుగు వేల పైచిలుకు. పంపేది పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే మా సొంత సర్వరు. ప్రతి సంచికకూ కొన్ని పదుల ఉత్తరాలు, ఈ చిరునామా లేదనో, పెట్టె నిండిపోయిందనో బౌన్స్ అయి వెనక్కి వస్తాయి. వాటిని చదివి, ఏ చిరునామాను జాబితాలోంచి తీసేయాలో, దేన్ని ఇంకో నెల చూడాలో తేల్చే స్క్రిప్టు నాది. ఆరేళ్లుగా అది పైథాన్ ప్రోగ్రామింగ్ భాషతో పాటే వచ్చే ఈమెయిల్ ప్యాకేజీ మీద నడుస్తోంది. ఆ ప్యాకేజీతో మెయిల్ ఎలా పంపాలో, అటాచ్‌మెంట్లు ఎలా విప్పాలో చెప్పేవారు చాలామంది ఉన్నారు కనుక ఆ జోలికి పోను. నేను చెప్పదలచుకున్నది అందులో ఉత్తరంలోని భాగాలను ఒక్కొక్కటిగా తిరిగి చూపే వాక్ అనే ఒక్క మెథడ్ గురించి. దాని మీద నాకు వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు.

ముందుగా నచ్చిన సంగతి చెప్పడం న్యాయం. 2003 నాటి ఆర్ఎఫ్‌సీ 3464 అనే ఇంటర్నెట్ ప్రమాణపత్రం చెప్పిన పద్ధతి పాటించే బౌన్స్ ఉత్తరంలో సాధారణంగా మూడు భాగాలుంటాయి. మొదటిది మనిషి చదువుకోవడానికి రాసిన వివరణ, రెండవది యంత్రం చదువుకోవడానికి ఉద్దేశించిన డెలివరీ-స్టేటస్, మూడవది వెనక్కి వచ్చిన అసలు ఉత్తరం లేదా దాని హెడర్లు (ఎవరి నుంచి, ఎవరికి వంటి పై వరుసలు) మాత్రమే. రెండవ భాగంలో ఖాళీ వరుసలతో విడివడిన గుంపులుంటాయి. తొలి గుంపు ఉత్తరం మొత్తానికి చెందినది, ఆ తర్వాతివి ఒక్కో గ్రహీతకు ఒక్కొక్కటి. పైథాన్ ఈ గుంపులను తనంతట తానే విడదీసి, ప్రతిదాన్నీ ఒక చిన్న మెసేజ్ ఆబ్జెక్టుగా మన చేతికిస్తుంది. ఫైనల్-రెసిపియెంట్ ఎవరు, యాక్షన్ ఏమిటి, స్టేటస్ ఎంత అని పేరు పెట్టి అడిగితే జవాబు వచ్చేస్తుంది. ఇంతకు ముందు వేరే భాషలో ఇదే పనికి వరుసలు లెక్కపెట్టుకుంటూ రెండు వందల లైన్లు రాసినవాణ్ణి కనుక, ఈ సౌకర్యం చూసిన రోజున ఇక నా పని తీరిందనే అనుకున్నాను.

అయితే వచ్చిన ప్రతి బౌన్సూ ఈ పద్ధతిలో ఉండదు. కొన్ని పాత సర్వర్లు ఒట్టి పాఠంగానే కబురు పంపుతాయి. క్యూమెయిల్ అనే మెయిల్ సర్వరు అయితే "హాయ్" అని పలకరించి, తన పేరు చెప్పుకుని, మీ ఉత్తరం అందించలేకపోయానని మర్యాదగా విచారం వెలిబుచ్చుతుంది. అలాంటివాటి కోసం విడిగా కోడ్ రాయడానికి బద్ధకించి, వాక్ మెథడ్‌తో ఉత్తరంలోని భాగాలన్నిటినీ వరుసగా తిరిగి, టెక్స్ట్/ప్లెయిన్, అంటే ఒట్టి పాఠం, అని కనిపించిన ప్రతిచోటా రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అనే అక్షరాల నమూనాతో చిరునామాలు ఏరి, వాటిలో మా జాబితాలో ఉన్నవాటికి ఒక తప్పు చొప్పున వేశాను. మూడు తప్పులైతే చిరునామా ఆగిపోతుంది. పదకొండు నెలలు ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది.

పన్నెండో నెల తర్వాత సంఘం కార్యదర్శి గారి నుంచి ఫోన్ వచ్చింది. ఆయన మాకు చదువు చెప్పిన మాస్టారు. "ఏమోయ్, నా సంఘం పత్రిక నాకే రాకుండా చేశావేమిటోయ్?" అన్నారు. స్పామ్ ఫోల్డర్ చూడమన్నాను. చూసే ఫోన్ చేస్తున్నానన్నారు. జాబితా తెరిస్తే ఆయన చిరునామా ఆగిపోయి ఉంది. దాని ఎదుట తప్పుల సంఖ్య 43. ఒక్క సంచికకు ఒక్క మనిషికి ఒక్క ఉత్తరం వెళ్లినప్పుడు, ఒకే రాత్రి నలభై మూడు సార్లు అది వెనక్కి ఎలా వస్తుందో నాకు అంతుపట్టలేదు. ఆ రాత్రి వచ్చిన బౌన్సులను లెక్కపెడితే సరిగ్గా నలభై మూడే ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కటీ మాస్టారిది కాదు.

ఒక బౌన్స్‌ను తీసి వాక్ ఏయే భాగాల్లోకి వెళ్తోందో వరుసగా ముద్రించి చూశాను. వివరణ వచ్చింది, డెలివరీ-స్టేటస్ వచ్చింది, దానిలోని గుంపులు రెండూ టెక్స్ట్/ప్లెయిన్ వేషంలో వచ్చాయి, ఆ తర్వాత వెనక్కి వచ్చిన అసలు ఉత్తరం వచ్చింది, చివరగా ఆ ఉత్తరం లోపలి పాఠం కూడా టెక్స్ట్/ప్లెయిన్‌గా వచ్చి నిలబడింది. ఆ పాఠం అడుగున "సందేహాలుంటే కార్యదర్శికి రాయండి" అని మాస్టారి చిరునామా ఉంది. ఎవరి ఉత్తరం తిరిగొచ్చినా నా కోడ్ ఆయన ఖాతాలోనూ ఒక తప్పు రాసింది.

మరి పదకొండు నెలలు ఎందుకు బయటపడలేదన్నది నన్ను ఇంకా ఎక్కువసేపు కూర్చోబెట్టిన ప్రశ్న. ఈ రోజుల్లో అవతలి సర్వరు మన ఉత్తరాన్ని గుమ్మంలోనే కాదంటుంది కాబట్టి, బౌన్స్ రాసేది చాలాసార్లు మన సొంత సర్వరే. పోస్ట్‌ఫిక్స్‌లో బౌన్స్_సైజ్_లిమిట్ అనే అమరిక ఒకటుంది. మనం మార్చకపోతే దాని విలువ 50000 బైట్లు. అసలు ఉత్తరం అంతకు మించితే బౌన్స్‌లో హెడర్లు మాత్రమే జతచేస్తుంది, మించకపోతే ఉత్తరం మొత్తం పెడుతుంది. మా పత్రిక ప్రతి నెలా ఫొటోలతో మెగాబైట్లు దాటేది, కనుక హెడర్లే వెనక్కి వచ్చేవి. ఆ నెల మాత్రం ఒక పెద్దాయన మరణవార్త, సంతాప సభ వివరాలు తప్ప మరేమీ లేకుండా నాలుగు పేరాల ఉత్తరం పంపాం. అది పూర్తిగా వెనక్కి వచ్చింది, మాస్టారి చిరునామాతో సహా.

ప్యాకేజీ డాక్యుమెంటేషన్‌లో వాక్ దగ్గర ఇచ్చిన ఉదాహరణ సరిగ్గా ఇలాంటి ఉత్తరానిదే. లోపలి ఉత్తరంలోకీ, స్టేటస్ గుంపుల్లోకీ వాక్ దిగుతుందని అక్కడ స్పష్టంగానే ఉంది. చదవకపోవడం నా తప్పే. అయినా, "లోపలి ఉత్తరం గడప దాటకు" అని ఒక్క మాటలో చెప్పే వీలు ఆ మెథడ్‌లో లేకపోవడం మీద నా ఫిర్యాదును వెనక్కి తీసుకోలేను. ఇప్పుడు నా స్క్రిప్టు వాక్ జోలికి వెళ్లదు. పై స్థాయి భాగాలను మాత్రమే చూసి, డెలివరీ-స్టేటస్ దొరికితే దాన్నే నమ్ముతుంది. దొరకనివాటిని, మెయిలింగ్ లిస్టులు నడిపే మెయిల్‌మ్యాన్ కోడ్ నుంచి విడివడి వచ్చిన ఫ్లఫుల్.బౌన్స్ లైబ్రరీకి అప్పగిస్తుంది. అది చిరునామాలను బైట్లుగా ఇస్తుందన్న సంగతి గమనించక, వాటిని మామూలు స్ట్రింగులతో పోల్చి, ఒక్కటీ కలవక, అంతా సవ్యంగా ఉందని నెల రోజులు సంతోషించిన ముచ్చట వేరే ఉంది.

పైన నేను మెచ్చుకున్న స్టేటస్ గుంపుల విషయంలోనూ కొంత సర్దుకోవలసి వచ్చింది. మొదటి గుంపును వదిలేసి మిగతావన్నీ గ్రహీతలవని అనుకోవడం ప్రమాదకరం. ఎక్కడో ఒక ఖాళీ వరుస ఎక్కువైతే లెక్క తప్పుతుంది. ప్రతి గుంపులోనూ ఫైనల్-రెసిపియెంట్ ఉందో లేదో చూసుకోవడమే మేలు. ఉత్తరాన్ని విప్పి చదివే మెసేజ్_ఫ్రమ్_బైట్స్‌ను, పాలసీ (చదివే తీరు) ఏదో చెప్పకుండా పిలిస్తే పాత తీరే నడుస్తుంది, కారణం చెప్పే పొడవైన డయాగ్నొస్టిక్-కోడ్ వరుస మడతలతో, మధ్యలో లైన్ విరుపులతో వస్తుంది. పాలసీ.డిఫాల్ట్ ఇచ్చాక ఆ మడతలు పోయాయి. ఇక స్టేటస్ అంకె ఐదుతో మొదలైనంత మాత్రాన చిరునామా చచ్చిపోయినట్టు కాదు. 5.1.1 అంటే ఆ పెట్టె లేదని అర్థం కనుక తీసేయవచ్చు. 5.2.2 అంటే పెట్టె నిండింది. ఖాళీ చేసుకుంటే మళ్లీ అందుతుంది. 5.7.1 అంటే అవతలివారు మనల్ని అనుమతించలేదు, ఆ లోపం చాలాసార్లు మన సర్వరుది. దాన్ని గ్రహీత మీద వేస్తే ఒకే మెయిల్ సేవలో ఉన్న వందలమంది ఒక్క రాత్రిలో జాబితా నుంచి మాయమవుతారు. యాక్షన్ దగ్గర డిలేడ్ అని ఉంటే అది విఫలం కాదు, ఆలస్యం మాత్రమే.

ఇంత జాగ్రత్త పడ్డాక కూడా నెలకు నాలుగైదు బౌన్సులు ఎవరివో తేలేవి కావు. మా సభ్యులలో చాలామంది పాత ఉద్యోగం నాటి చిరునామా ఇచ్చి, దాన్ని మరోదానికి ఫార్వర్డ్ పెట్టుకున్నారు. ఆ రెండవ పెట్టె మూతపడితే బౌన్స్‌లో ఉండేది ఆ రెండవ చిరునామా. మేము దానికి ఎన్నడూ ఏమీ పంపలేదు. ఒరిజినల్-రెసిపియెంట్ అనే వరుస ఉంటే దారి దొరుకుతుంది గాని, అది ఉండేది తక్కువ. చివరకు క్యూమెయిల్ కర్త డేనియల్ జె. బెర్న్‌స్టీన్ 1997లో ప్రతిపాదించిన వెర్ప్ పద్ధతికే వచ్చాను. పంపే ప్రతి ఉత్తరానికీ కవరు మీది తిరుగు చిరునామాలోనే గ్రహీత చిరునామాను ప్లస్ గుర్తు తర్వాత ఇమిడ్చి పంపడం, తిరిగొచ్చినప్పుడు ఏ పేరున వచ్చిందో చూడడం, అంతే. లోపల ఏం రాసి ఉన్నా ఎవరిదో తెలిసిపోతుంది. ఉత్తరాలను గుంపుగా కాక ఒక్కొక్కటిగా పంపాలి. నాలుగు వేలకు అది భారం కాలేదు.

దీనికీ ఒక దెబ్బ తగిలింది. వెర్ప్ చిరునామాకు వచ్చినదల్లా బౌన్సే అనుకున్న తొలి జనవరిలో, సంక్రాంతికి ఊరెళ్లిన వారి పెట్టెలు పంపిన "సెలవులో ఉన్నాను" జవాబులన్నీ తప్పులుగా నమోదయ్యాయి. అలాంటి జవాబులు కవరు మీది తిరుగు చిరునామాకే రావడం పద్ధతి. ఇప్పుడు ఆటో-సబ్మిటెడ్ హెడర్‌లో ఆటో-రిప్లైడ్ అని ఉన్నవాటిని పక్కన పెడుతున్నాను.

కాబట్టి నేడు నా స్క్రిప్టులో ఈమెయిల్ ప్యాకేజీ చేసే పని ఎందుకు తిరిగొచ్చిందో చెప్పడం వరకే. ఎవరిది తిరిగొచ్చిందన్న ప్రశ్న దాని చేతిలోంచి తీసేశాను. ఆ చిన్న పనికి దానికంటే మెరుగైనది నేను వెతకలేదు, వెతికే అవసరమూ రాలేదు. అయితే నా సర్వరు నా చేతిలో ఉంది, ప్లస్ గుర్తు తర్వాత ఏం పెట్టాలో నేనే నిర్ణయించుకోగలను, సభ్యులు కొద్దిమంది. మెయిల్ పంపే పనిని బయటి సేవకు అప్పగించినవారికి వెర్ప్ వీలు కాకపోవచ్చు. అప్పుడు లోపలి పాఠం చదవక తప్పదు, నా ఆరేళ్ల అనుభవంలో సగం వారికి పనికిరాదు. మాస్టారు మాత్రం ఇప్పటికీ సంచిక వెళ్లిన మర్నాడు ఫోన్ చేసి, అందిందని ప్రత్యేకంగా చెబుతున్నారు.