టీమ్ ఆటల కోర్స్: పరుగు పందెమా, స్టేషన్లా, పాయింట్ల వేటా?

పిల్లలకి టీమ్ ఆటల కోర్స్ పెడదామనగానే ముందు తట్టేది పరుగు పందెమే. టీములన్నీ ఒక్కసారే బయల్దేరతాయి, అవే అడ్డంకులు వరసగా దాటతాయి, ముందొచ్చినవాళ్లదే గెలుపు. ఏర్పాట్లు తేలిక, హుషారూ ఎక్కువే. అయినా నేను రెండుసార్లు పెట్టి మానేశాను. కారణం తాళ్ల సాలెగూడు. రెండు చెట్ల మధ్య తాళ్లు అల్లి, తాడు తగలకుండా ఒక్కొక్కరూ ఒక్కో కన్నంలోంచి దూరాలన్నాం. మొదటి టీము పని కాకముందే వెనక మరో రెండు టీములు వచ్చి నిలబడ్డాయి. ఆ కంగారులో వీళ్లు ఓ బక్కపల్చటి అమ్మాయిని గబుక్కున ఎత్తి అవతలికి తోసేశారు. ఎలా వెళ్తావని ఆ పిల్లని ఒక్క మాట అడగలేదు. దెబ్బ తగల్లేదు కానీ, తర్వాత ఆ అమ్మాయి ఆటలో నోరు విప్పలేదు. ఆట పెట్టింది ఇందుకా అనిపించింది.

ఇప్పుడు నేను పెట్టేది స్టేషన్ల పద్ధతి: ఒక్కో చోట ఒక్కో ఆట, టీములు వంతులవారీగా చోట్లు మారతాయి. 36 మంది ఉంటే 6 టీములు, 6 స్టేషన్లు. ఒక్కోచోట 8 నిమిషాలు ఆట, 2 నిమిషాల్లో మాట్లాడుకుని తర్వాతి చోటికి నడక. సరిగ్గా గంట, ఎవరూ క్యూలో ఉండరు. టీముకి ఆరుగురిని మించి వద్దు. ఫ్రెంచ్ ఇంజినీర్ మాక్స్ రింగెల్‌మన్ మనుషులతో తాడు లాగించి, 1913లో ఫలితాలు ప్రచురించాడు: 8 మంది కలిసి లాగితే, ఒక్కొక్కరు పెట్టిన బలం ఒంటరిగా లాగినప్పటి దాంట్లో దాదాపు సగమే. మంది ఎక్కువైతే వెనక చేతులు కట్టుకు నిలబడేవాళ్లు పెరగడం నేనూ చూశాను.

చిక్కులూ ఉన్నాయి. స్టేషన్‌కి ఒక పెద్దమనిషి చొప్పున ఆరుగురు కావాలి. ఇంకొక్కరు దాటితే అయిపోతుందనగా విజిల్ పడితే పిల్లల మొహాలు చూడలేం, అందుకే ఒక నిమిషం ముందే హెచ్చరిక విజిల్ వేస్తాను. కళ్లకు గంతలు కట్టి మాటతో దారి చూపే ఆటని మాత్రం మిగతావాటికి దూరంగా, ఓ మూలకి పెట్టండి. పక్క స్టేషన్ కేకల్లో తమవాళ్ల గొంతు వినపడక పిల్లలు ఎటో నడిచేస్తారు.

మూడోది పాయింట్ల వేట. మ్యాప్ చూసుకుంటూ గుర్తు పెట్టిన చోట్లకి చేరుకునే ఓరియెంటీరింగ్ ఆటలో స్కోర్ పోటీ ఇలాగే నడుస్తుంది: టైమ్ నిర్ణయిస్తారు, ఒక్కో చోటుకి కష్టాన్ని బట్టి పాయింట్లు, ఏ వరసలో వెళ్లాలో ఆడేవాళ్ల ఇష్టం, ఆలస్యంగా వస్తే కోత. మ్యాప్ చేతికిచ్చిన మొదటి 5 నిమిషాల్లో వాళ్లు పడే వాదన నాకు అన్నిటికన్నా ఇష్టం. కాకపోతే పెద్దల కళ్లు అన్నిచోట్లా ఉండవు, టీము చీలిపోతుంది. ఆరుగురూ కలిసి నిలబడితేనే పాయింట్లు అని ముందే చెప్పాలి.

పన్నెండేళ్ల లోపువాళ్లకీ, ఒకరికొకరు కొత్తవాళ్లకీ స్టేషన్లే పెట్టండి. పదిహేను దాటి, ఇప్పటికే కలిసి ఆడినవాళ్లయితే పాయింట్ల వేట. పరుగు పందెం కావాలని పిల్లలు మరీ అడిగితే చివరి 10 నిమిషాలకి ఉంచుకోండి, ఎత్తులూ తాళ్లూ లేకుండా, చదునైన నేల మీద.