లోయాంగ్‌లో గది, కైఫెంగ్‌లో కరకట్ట

చైనాలోని హెనాన్ రాష్ట్రానికి వెళ్ళేవారు గుళ్ళూ గుహల సంగతి తరువాత చూసుకోవచ్చు, ముందు బస సంగతి తేల్చుకోవాలి. లోయాంగ్‌లో 168 యువాన్లు ముందే చెల్లించి, రాత్రి పదిన్నరకు మేము చేరిన లాడ్జిలో, కౌంటరు దగ్గరి అమ్మాయి మా పాస్‌పోర్టులను ముందుకూ వెనక్కూ తిప్పి, విదేశీయులకు గది ఇవ్వబోమని ఫోనులో అనువాదం చేసి చూపించింది. అక్కడ విదేశీయుల వివరాలు 24 గంటల్లోగా పోలీసుల వద్ద నమోదు కావాలి. ఆ పని తెలియని చిన్న లాడ్జీలు మనల్ని వదిలించుకుంటాయి. డబ్బు తిరిగి ఇవ్వలేదు. పెట్టె మీద కూలబడిన మా మావగారు, "రెండు వేల రూపాయలండీ అల్లుడుగారూ" అని మూడుసార్లు అన్నారు. నాలుగు వీధులు తిరిగాక 340 యువాన్లకు గది దొరికింది. బుక్ చేసే ముందే విదేశీయులను తీసుకుంటారో లేదో రాతపూర్వకంగా అడగండి.

మర్నాడు చూసిన లాంగ్‌మెన్ గుహలకు 90 యువాన్ల టికెట్టు దండగ కాదు. యీ అనే పేరున్న నది ఒడ్డున కొండను తొలిచి మలచిన 17 మీటర్ల వైరోచన బుద్ధుని ముందు మావగారు కూడా కాసేపు లాడ్జిని మరిచిపోయారు. శ్వేతాశ్వ ఆలయంలో భారత ప్రభుత్వం కట్టించిన, సాంచీ స్తూపాన్ని పోలిన మందిరం బాగుంది. ఉదయపు ఫలహారంగా అమ్మే హులాతాంగ్ మిరియాల చారులా ఘుమఘుమలాడింది కానీ, అందులో మాంసం ఉందని తెలియడంతో ఆయన ఉప్పూ కారం లేని ఆవిరి రొట్టెలను మేము తెచ్చుకున్న కందిపొడితో తిన్నారు.

మావగారు గోదావరి జిల్లాలో భూగోళం మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. హెనాన్ అంటే 'నదికి దక్షిణం' అనీ, విస్తీర్ణంలో మన ఆంధ్రప్రదేశ్ అంతే ఉన్నా 2020 లెక్కల ప్రకారం 9.9 కోట్ల జనం ఉన్నారనీ, చైనా గోధుమలో నాలుగో వంతుకు పైగా ఇక్కడే పండుతుందనీ కైఫెంగ్ వెళ్ళే రైలులో పాఠం చెప్పారు. పడమటి కొండలు దాటాక కిటికీలోంచి కనిపించిందంతా పసుపు నది పరచిన ఒండ్రు మైదానమే. మేటవేసిన ఒండ్రుతో కైఫెంగ్ వద్ద నది అడుగు ఊరి నేలకంటే ఎత్తయింది. ఊరిని కాపాడేది కరకట్టే. ఆ కట్టెక్కి ఆయన గుప్పెడు మట్టి తీసి వేళ్ళ మధ్య నలిపి, "మన లంక మట్టి కంటే మెత్తన, అచ్చం జల్లించిన పిండి" అన్నారు. గంటసేపు అక్కడి నుంచి కదలలేదు. ఆ 168 యువాన్ల మాట మళ్ళీ ఎత్తింది తిరుగు రైలెక్కాకే.