వెండి ఏరాక మిగిలిన చిల్లర ఎక్కడ జమ చేయాలి? ఏది మేలు?

అమెరికాలో బ్యాంకు నుంచి అర డాలర్ల బాక్సులు తెచ్చుకుని అందులో పాత వెండి నాణేలు ఏరుకోవడం చాలామందికి సరదా. కొత్తగా దిగినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఏ బ్యాంకులో వెండి బాగా దొరుకుతుంది? నన్నడిగితే అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఏరగా మిగిలిన తొమ్మిదొందల చిల్లర నాణేలను తిరిగి ఎక్కడ జమ చేయాలి? దొరికిన వెండి లాభం చేతిలో మిగిలేదీ, తెలియకుండా జారిపోయేదీ అక్కడే.

ముందు ఏ నాణెంలో ఎంత వెండి ఉందో చూద్దాం. 1964 వరకు ముద్రించిన అర డాలర్లలో 90 శాతం వెండి. బరువు 12.5 గ్రాములు. 1965 నుంచి 1970 వరకు వచ్చినవి 40 శాతం వెండి, 11.5 గ్రాములు. 1971 నుంచి మామూలు చలామణీ నాణేల్లో వెండి లేదు. రాగి మధ్యలో, పైనా కిందా రాగి నికెల్ మిశ్రమం, 11.34 గ్రాములు. బ్యాంకు ఇచ్చే బాక్సులో 50 రోల్స్ (పేపర్‌లో చుట్టిన నాణేల కట్టలు), రోల్‌కి 20 చొప్పున 1000 నాణేలు, 500 డాలర్లు.

ఇప్పుడు లాభం సంగతి. వెండి ట్రాయ్ ఔన్సు (సుమారు 31.1 గ్రాములు) 30 డాలర్లు అనుకుందాం. 40 శాతం నాణెంలో ఉండే వెండి 4.6 గ్రాములు. దాని విలువ నాలుగు డాలర్ల నలభై సెంట్ల చిల్లర. మనం పెట్టిన అర డాలర్ తీసేస్తే మిగిలేది నాలుగు డాలర్లకు కాస్త తక్కువ. అంటే బాక్సంతా వెతికితే అలాంటిది ఒక్కటే దొరికిందనుకోండి, జమ చేసేటప్పుడు యంత్రం ఎనిమిది నాణేలు తక్కువ లెక్కపెడితే చాలు, ఆ పూట శ్రమంతా వృథా. వెయ్యికి ఎనిమిది! కళ్లతో చూస్తే ఎవరికీ అంతు పట్టని తేడా అది. అందుకే ఈ విషయాన్ని చిన్నదిగా తీసిపారేయొద్దని పదే పదే చెబుతుంటాను.

జమ చేయడానికి ఉన్న దారులు మూడు. బ్యాంకులోనో క్రెడిట్ యూనియన్‌లోనో (సభ్యుల సహకార బ్యాంకు) ఉండే నాణేలు లెక్కపెట్టే యంత్రం, సూపర్ మార్కెట్‌లో చిల్లర పోస్తే లెక్కకట్టి డబ్బిచ్చే కాయిన్‌స్టార్ లాంటి కియోస్క్, మనమే చేత్తో చుట్టి టెల్లర్‌కి (కౌంటర్‌లోని బ్యాంకు ఉద్యోగికి) ఇచ్చే రోల్స్.

కియోస్క్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. నగదు కావాలంటే నూటికి పది డాలర్లకు పైనే రుసుము. 500 డాలర్లు పోస్తే 50కి పైగా పోయినట్టే, ఇక వెండి ఏరి ఏం లాభం? గిఫ్ట్ కార్డు తీసుకుంటే రుసుము ఉండదు గానీ, నెలకు రెండు బాక్సులు తిప్పేవాళ్లు అన్ని కార్డులు ఏం చేసుకుంటారు? దాని మేలు ఇంకోచోట ఉంది. ఇవి వ్యాసం ఒక్కటే చూసి ఊరుకోవు, లోహాన్ని కూడా సెన్సర్‌తో పరీక్షిస్తాయి. 90 శాతం వెండి నాణెం ఆ పరీక్షలో తరచూ తప్పి, కింది తిరస్కార ట్రేలో పడుతుంది. పోసినవాళ్లు దాన్ని చెల్లని నాణెం అనుకుని వదిలేసి వెళ్తారు. కాబట్టి సరుకులకు వెళ్లినప్పుడల్లా ఆ ట్రేలో చెయ్యి పెట్టి చూడండి. అంతవరకే దానితో పని.

బ్యాంకు యంత్రాలది వేరే పద్ధతి. చాలావాటిలో గుండ్రంగా తిరిగే పళ్లెం ఉంటుంది. నాణేలు ఆ వేగానికి అంచుకు జరిగి, తమ వ్యాసానికి తగిన సందులోంచి జారతాయి. జారేటప్పుడు సెన్సర్ ఒక్కొక్కటీ లెక్కపెడుతుంది. డైమ్ (పది సెంట్ల నాణెం) 17.9 మిల్లీమీటర్లు, క్వార్టర్ (పాతిక సెంట్లది) 24.3, అర డాలర్ 30.6. వెండి తీసేసినా, తగ్గించినా 1965లో ఈ కొలతలు మార్చలేదు, కాబట్టి వ్యాసం మాత్రమే చూసే యంత్రానికి 1964 నాటి వెండి క్వార్టర్, నిన్నటి క్వార్టర్ ఒకటే. మన బాక్సుల్లో ఇంకా వెండి కనబడటానికి ఇదీ ఒక కారణం. ఎవరింట్లోనో తాతగారి డబ్బాలోని చిల్లర తెచ్చి యంత్రంలో పోస్తారు, అది సంచిలో పడుతుంది, సంచి నగదు రవాణా కంపెనీకి వెళ్తుంది, అక్కడ రోల్స్‌గా మారి మళ్లీ మన చేతికొస్తుంది.

అదే యంత్రం మన లెక్కనూ తప్పిస్తుంది. బంక అంటిన నాణెం పళ్లానికి అతుక్కుంటుంది. రెండు పల్చటి డైమ్‌లు ఒకదాని మీద ఒకటి పడి ఒకటిగా దాటిపోవచ్చు. సెన్సర్ మీద దుమ్ము పేరుకుంటే లెక్క దాటేస్తుంది. అర డాలర్లకైతే ఇంకో చిక్కు: కొన్ని యంత్రాల్లో వాటికి సందే ఉండదు, ఉన్నా ఆ సంచి చిన్నది, త్వరగా నిండిపోతుంది. ఇవి ఊహించి చెబుతున్నవి కావు. 2016లో ఎన్‌బీసీ టుడే షో వాళ్లు 300 డాలర్ల చిల్లర పోసి చూస్తే, టీడీ బ్యాంకు పెన్నీ ఆర్కేడ్ యంత్రం ఒకటి 256.90 డాలర్లే చూపించింది. ఆ ఏడాదే టీడీ బ్యాంకు ఆ యంత్రాలన్నిటినీ శాశ్వతంగా తీసేసింది.

మరి చేత్తో చుట్టడమే నయమా? లెక్క మన చేతిలో ఉంటుందన్న మాట నిజమే. పేపర్లు బ్యాంకు ఉచితంగానే ఇస్తుంది. కానీ బాక్సుకు యాభై రోల్స్ చుట్టాలి, వేళ్లు నల్లబడతాయి, ఒకటి రెండు గంటలు పోతాయి. పైగా టెల్లర్ వాటిని విప్పి చూడరు. తర్వాత ఎక్కడో లెక్కపెట్టినప్పుడు తేడా వస్తే మన ఖాతాలోంచి కోస్తారు. అప్పుడు మనం వాదించడానికి చేతిలో ఏమీ ఉండదు. రోల్ మీద చిన్న గుర్తు పెట్టడం మాత్రం మరవకండి. లేకపోతే కొన్ని వారాల తర్వాత మనం వెతికేసిన నాణేలే మళ్లీ కొనుక్కొచ్చి వెతుకుతాం.

ఈ మూడింటిలో దేన్ని ఎంచుకున్నా, ఇంట్లో ఐదు కిలోల వంటింటి కాటా ఒకటి ఉంటే సగం దిగులు తీరుతుంది. వెండి లేని డైమ్‌లు పది, క్వార్టర్లు నాలుగు, అర డాలర్లు రెండు, ఏవి తీసుకున్నా డాలర్ విలువకు బరువు ఒకటే: 22.68 గ్రాములు. కాబట్టి ఈ మూడు రకాలూ కలిసిపోయినా సరే, 100 డాలర్లకు 2,268 గ్రాములు తూగాలి. ఒక్క అర డాలర్ తగ్గితే 11 గ్రాముల తేడా కాటా మీద స్పష్టంగా కనబడుతుంది. అరిగిన నాణేల వల్ల ఐదారు గ్రాములు తగ్గినా గాబరా పడనక్కర్లేదు. ఒకటే జాగ్రత్త: పెన్నీలు (ఒక సెంటువి), నికెల్‌లు (ఐదు సెంట్ల నాణేలు) ఇందులో కలవకూడదు, వాటి బరువు లెక్క వేరు.

నేను బ్యాంకుకు వెళ్లేటప్పుడు వంద డాలర్లకొక సంచి కట్టి, మీద బరువు రాసి తీసుకెళ్తాను. ఒకసారి రెండు సంచులు పోస్తే చీటీలో 194 డాలర్ల 50 సెంట్లు వచ్చింది. కౌంటర్ వదలకుండా, కాటా లెక్క రాసిన సంచులు చూపించి, మూత తీసి చూడమని మర్యాదగా అడిగాను. అర డాలర్ల గొట్టంలో అంటుకున్న స్టిక్కర్ ఒకటి దారి మూసేసింది, దాని వెనక పదకొండు నాణేలు వరసగా నిలబడి ఉన్నాయి. చీటీ అక్కడికక్కడే సరిచేశారు. ఇంటికెళ్లి ఫోన్ చేసి ఉంటే ఎవరు వింటారు?

కాబట్టి నా ఓటు బ్యాంకు యంత్రానికే, అయితే ముందు ఇంట్లో తూచి వెళ్లాలి. ఖాతా ఉన్నవాళ్లకు రుసుము లేకుండా లెక్కపెట్టే శాఖ చూసుకోండి, అర డాలర్లు తీసుకుంటుందో లేదో ముందే అడగండి. బాక్సులు ఆర్డర్ చేసే శాఖలోనే తిరిగి పోయకండి. ఇటు తెచ్చి అటు పోస్తుంటే అక్కడి సిబ్బందికి విసుగొస్తుంది, రేపు బాక్సు అడిగితే ఇవ్వరు. దగ్గర్లో అలాంటి యంత్రం దొరకనివాళ్లకు మాత్రం చేత్తో చుట్టడమే మేలు. అప్పుడు కూడా రోల్‌ని కాటా మీద పెట్టండి. పేపర్ కాక 226.8 గ్రాములు ఉండాలి.

రోల్ విప్పకుండా బరువుతోనే వెండి పట్టుకోవచ్చా అని అడుగుతుంటారు. 90 శాతం నాణెం ఒకటి ఉంటే గ్రాముకు పైగా పెరుగుతుంది గానీ, పేపర్ బరువులో, అరుగుదలలో ఆ గ్రాము కలిసిపోతుంది. 40 శాతం నాణెమైతే పెరిగేది 0.16 గ్రాములే. విప్పి అంచు చూడటం తప్పదు. రాగి గీత స్పష్టంగా కనబడకుండా తెల్లగా ఉంటే పక్కకు తీసి సంవత్సరం చదవండి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నవాళ్లకు ఒక మాట. మన బ్యాంకులో చిల్లర సంచులు తెచ్చి ఇలా వెతకడం దండగ. 1947లోనే రూపాయి నికెల్ లోహానికి మారింది, స్వతంత్ర భారతంలో చలామణీకి వెండి రూపాయి రాలేదు.

ఇక అమెరికాలో నికెల్‌లు వెతికేవాళ్ల సంగతి. 1942 నుంచి 1945 వరకు వచ్చిన యుద్ధకాలపు నికెల్‌లో 35 శాతం వెండి ఉంది, కానీ బరువు మామూలు నికెల్‌లాగే 5 గ్రాములు. వెండింగ్ మిషన్లు తిరస్కరించకూడదని మాంగనీసు కలిపి మరీ అలా చేశారు. యంత్రానికీ కాటాకీ కూడా అవి దొరకవు. వెనకవైపు మాంటిసెల్లో భవనం గోపురం పైన పెద్ద అక్షరం ఉందేమో కంటితో చూడాల్సిందే. జమ చేయడానికి మాత్రం కాటా ఇక్కడా పనికొస్తుంది: బాక్సుకు 2000 నాణేలు, పది కిలోలు. యంత్రం ఒకటి దాటేసినా పోయేది ఐదు సెంట్లే కాబట్టి, వీటికోసం చేత్తో రోల్స్ చుట్టే శ్రమ పడకండి.